గ్రామసభలో నోరు తెరిచేలా అమ్మాయిలకు సాధన: ఏం చేయించాలి?

నాలుగోవార్డు
అందరికీ నమస్కారం. డిగ్రీ చదివే అమ్మాయిలు 12 మంది ఉన్నారు, 18 నుంచి 22 ఏళ్ల లోపు వాళ్లు. మహిళా సంఘం భవనం ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు ఖాళీగా ఉంటుంది. ఎనిమిది వారాలు దొరుకుతాయి. వీళ్లలో ఒకరిద్దరైనా ముందుముందు వార్డు మెంబరుగానో సర్పంచ్‌గానో పోటీ చేయాలన్నది ఆలోచన. స్కూల్లో వక్తృత్వ పోటీల్లో బహుమతులు తెచ్చుకున్న పిల్లలే, గ్రామసభలో మాత్రం నోరు పెగలడం లేదు. ‘ఆత్మవిశ్వాసం పెంచుకోండి’ లాంటి మాటలు వద్దు. ఆదివారం కూర్చోబెట్టి చేయించే పని చెప్పండి.

తీర్మానం
ముందు ఆ వక్తృత్వ పోటీని మరిపించండి. పోటీలో ఐదు నిమిషాలూ మీవే, ఎవరూ అడ్డు రారు, చివర్న చప్పట్లు. గ్రామసభలో మూడో వాక్యానికే ఎవరో అందుకుంటారు. పోటీలో ‘వేదికనలంకరించిన పెద్దలకు, గురువులకు, తోటి విద్యార్థినీ విద్యార్థులకు’ అంటూ ముప్పై సెకన్లు తినేయొచ్చు. ఇక్కడ ఆ ముప్పై సెకన్లే మీకు దొరికే మొత్తం టైము.

మరో సంగతి. పంచాయతీకి పోటీ చేయాలంటే 21 నిండాలి, అసెంబ్లీకి 25. కానీ గ్రామసభలో సభ్యత్వానికి ఊళ్లో ఓటరైతే చాలు, అంటే 18. మీ గుంపులో అందరికీ చట్టం ఇప్పటికే ఇచ్చిన వేదిక అదొక్కటే. అక్కడ మాట్లాడటమే సాధన చేయించండి, ఎన్నికల ఉపన్యాసం తర్వాత చూద్దాం. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి, కాబట్టి ఎనిమిది వారాల్లో నిజం సభ ఒకటి తగలాలి. ఆంధ్రాలో అయితే జాతీయ పండుగల రోజుల మీద కన్నేసి ఉంచండి. పంచాయతీ కార్యదర్శిని అడిగితే తేదీ, అజెండా చెబుతారు.

మొదటి ఆదివారం ఒకే పని: ముప్పై సెకన్ల ప్రశ్న. ఇలా ఉండాలి:

‘నా పేరు ఫలానా, నాలుగో వార్డు. అంగన్‌వాడీ పక్కన బోరు మోటారు కాలిపోయి పద్దెనిమిది రోజులైంది. నలభై ఇళ్లకు నీళ్లు లేవు. మోటారు బాగుచేయడానికి ఎంత అంచనా వేశారు? ఏ పద్దు నుంచి ఇస్తారు? ఏ తేదీకి నీళ్లొస్తాయి? ఆ తేదీని తీర్మానాల పుస్తకంలో రాయించండి.’

ఎవరు, ఎక్కడ, ఎన్నాళ్లుగా, ఎంతమందికి, ఏం కావాలి, ఎప్పటికి కావాలి. ఇంతే. ఇందులో వర్ణించే విశేషణం ఒక్కటీ లేదు, చూడండి. ‘ఎంతో దుర్భరమైన పరిస్థితుల్లో అక్కచెల్లెళ్లు అల్లాడుతున్నారు’ అంటే కార్యదర్శి తల ఊపి ఊరుకుంటారు. పద్దెనిమిది రోజులంటే జవాబు చెప్పక తప్పదు.

12 మంది, ఒక్కొక్కరికి మూడు సార్లు. గంటన్నర పడుతుంది.

పాలపిట్ట
తీర్మానం అన్న మంచిగ చెప్పిండు. దీనికి ఒకటి కలుపుత. మన భాషల క్రియ వాక్యం చివరకు వస్తది. భయంల ఉన్నోళ్లకు ఊపిరి కూడ గక్కడ్నే అయిపోతది. ‘మాకు ఇయ్యాల్సిన బిల్లు ఇప్పటిదాంక రా...’ అని గొంతు మునుగుతది. వచ్చిందా, రాలేదా? వెనక కూసున్నోళ్లకు తెల్వదు. అసలు సంగతంత ఆ ‘లేదు’లనే ఉండె, అదే పోయింది.

గిట్ల చేయించండి. ఇద్దరిద్దరిని జతగ పెట్టి, 30 అడుగుల దూరంల ఎదురెదురుగ నిలబెట్టాలె. ఒకామె ఒక్క వాక్యం చెప్పాలె, రెండో ఆమె ఆఖరి మాట ఒక్కటే తిరిగి చెప్పాలె. తప్పు చెప్తే మళ్ల మొదటికెళ్లి. అరవొద్దు. వాక్యం నడుమల చిన్నగ ఊపిరి తీసుకుంటే చివరిదాంక సరిపోతది. పది వాక్యాలు చాలు, అటెన్క జత మార్చాలె. రెండు వారాలల్ల ఫరక్ కనబడ్తది.

యాస మార్చనీకి పోకుర్రి. ఇంట్ల మాట్లాడేటట్టే మాట్లాడనియ్యుర్రి. పుస్తకం భాషల ఆలోచించుకుంట మాట్లాడితే ఎవరన్న అడ్డం తగిలినప్పుడు జవాబు దొర్కది.

మైకుసెట్టు
గొంతు గురించి చెప్పారు, మైకు గురించి ఎవరూ చెప్పలేదు. అమ్మాయిలు సగం అక్కడే దెబ్బతింటారు.

స్టాండు ఎప్పుడూ మగవాళ్ల ఎత్తుకు బిగించి ఉంటుంది. దాన్ని అందుకోవడానికి మెడ పైకెత్తి మాట్లాడితే గొంతు బిగుసుకుని కీచుగా వస్తుంది. మాట మొదలుపెట్టకముందే మర తిప్పి మైకుని గడ్డం కిందికి దించుకోవాలి. పది సెకన్ల పని, తొందరేం లేదు, జనం ఆగుతారు. ఆ మర తిప్పడం కూడా సాధనలో చేయించండి. తెలియనివాళ్లు అందరి ముందు కుస్తీ పడతారు.

చేతి మైకైతే నోటికి బెత్తెడు దూరం. నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు వాల్చి పట్టాలి, లేకపోతే ప, బ, భ పలికినప్పుడల్లా ఊపిరి తగిలి ‘టప్పు’మంటుంది. జాలీ చుట్టూ అరచెయ్యి మూయొద్దు, కూత పెడుతుంది. కూత వచ్చినప్పుడు మైకుని కిందికి వేలాడదీస్తారు చాలామంది. కింద స్పీకర్ బాక్సు ఉంటే ఇంకా ఎక్కువవుతుంది. బాక్సుకి మైకు వీపు చూపించేలా రెండడుగులు జరగాలి, అంతే. మైకుని వేళ్లతో కొట్టి, ‘ఉఫ్’ అని ఊది చూడటం మాన్పించండి. ‘హలో, వినబడుతోందా అండీ’ అంటే చాలు.

ఆరుబయట హారన్లు కడితే మరో తంటా. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. వంద మీటర్ల అవతలి స్తంభం మీది హారన్ మోత మీ దగ్గరికి దాదాపు సెకనులో మూడోవంతు ఆలస్యంగా చేరుతుంది. మీ మాటే వెనక నుంచి మళ్లీ మీకు వినిపించి నాలుక తడబడుతుంది. జనానికీ రెండు మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. అందుకని చిన్న వాక్యాలు, వాక్యానికీ వాక్యానికీ మధ్య మనసులో ‘ఒకటి’ అనుకునేంత విరామం. గదిలో నిమిషానికి వంద మాటలు నడుస్తాయేమో గానీ, హారన్ల మీద 70–80 దాటితే అలికేసినట్టు ఉంటుంది.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ కుదరదన్నది తెలిసిందే. ప్రచారంలో చివరి వక్తగా అమ్మాయిని పెడితే పదికి మైకు కట్టవుతుంది. మొదటి మూడు పేర్లలో ఉండేలా అడగమనండి.

నాలుగోవార్డు
చాలా ఉపయోగం. చేతులు వణకడం సంగతేమిటి? కాగితం చూసి చదవొచ్చా?

గోదావరిగట్టు
చూసి చదవడం వద్దు. చదువుతున్నప్పుడు తల దించుకుంటారు, తల దించితే గొంతు దిగుతుంది, ఎవరైనా మధ్యలో మాట్లాడితే వరస పోయి మళ్లీ మొదటి నుంచి వెతుక్కుంటారు.

తీర్మానం
గోదావరిగట్టు గారూ, పూర్తిగా ఒప్పుకోను. అంకెలు, తేదీలు, తీర్మానం నంబరు కాగితం చూసి చదవాలి, చదువుతున్నట్టు అందరికీ కనబడాలి కూడా. ఆమె చేతిలో కాగితం ఉందంటే ఎదుటివాళ్లు ఆచితూచి మాట్లాడతారు. మిగతాది నోటితో చెప్పాలి.

కాగితం పెద్దది వద్దు. ఏ4 కాగితం చిన్న వణుకును కూడా పెద్దది చేసి చూపిస్తుంది, మైకు దగ్గర గలగలమంటుంది. పోస్టుకార్డంత అట్టముక్క, పెద్ద అక్షరాలతో ఐదు మాటలు, మూడు అంకెలు. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం కంఠతా వచ్చి ఉండాలి. మొదటి ఇరవై సెకన్లలోనే వేగం పెరిగి ఊపిరి తప్పుతుంది, అందుకే మొదటిది. చివరిది రాకపోతే ‘అంతేనండి...’ అని నసిగి కూర్చుంటారు, అడిగిన తేదీ అడగనట్టే పోతుంది.

వణుకు ఆపాలని చూడకండి. లేచి నిలబడి, మాట మొదలుపెట్టే ముందు ఊపిరి పూర్తిగా బయటికి వదిలేయమనండి. లోపలికి పీల్చడం కాదు, వదలడం. తర్వాత అదే నిండుతుంది. మోకాళ్లు బిగబట్టొద్దు. చున్నీ, కొంగు ముందే పిన్ను పెట్టుకుంటే ఒక చెయ్యి దాన్ని సర్దుకోవడానికి పోదు.

రచ్చబండ
ఇప్పటిదాకా అందరూ చెప్పింది సజావుగా సాగే సభకి. ఇక అడ్డుపడేవాళ్ల సంగతి. సగం సాధన దీనికే ఇవ్వాలి.

చిట్టీలు రాసి డబ్బాలో వేయండి. ఒక్కో అమ్మాయి మాట్లాడుతుండగా మిగతావాళ్లలో ముగ్గురు చిట్టీ తీసి, అందులో ఉన్నది నిజంగానే గట్టిగా అనాలి. ‘ముందు కూర్చోమ్మా’, ‘ఎవరి పిల్లవే నువ్వు?’, ‘ఇది ఆ పార్టీవాళ్లు రాసిచ్చింది’, ‘నీళ్ల సంగతి సరే, రోడ్డు మాటేమిటి?’, ‘మీ నాన్నని పంపు’. నవ్వులు, ఈలలు కూడా చిట్టీల్లో ఉండాలి. చిట్టీలు మొదలైన వారం ఒక అంతరాయం, అక్కడి నుంచి మూడో వారానికి మూడు.

పట్నం సభకీ ఊరి సభకీ పెద్ద తేడా ఒకటుంది. ఊళ్లో అడ్డుపడేవాడు పరాయివాడు కాదు, పెదనాన్నో బాబాయో మామయ్యో అవుతాడు. టీవీ చర్చల్లోలా ఎదురు విసిరితే ఊరంతా ‘పిల్లకి పొగరు’ అంటుంది, ప్రశ్న పక్కకు పోతుంది. తలవంచి కూర్చుంటే మళ్లీ లేవదు. బంధుత్వం వరసతో పిలవాలి, ప్రశ్న వదలకూడదు. ‘ఫలానా వాళ్లమ్మాయినే పెదనాన్నా, ఈ ఊరి ఓటరుని కూడా. బోరు ఏ తేదీకి బాగవుతుంది?’ ఒక్క ఊపిరిలో రావాలి ఇది. పిలుపులో మర్యాద తగ్గకూడదు, తేదీ అడగడం ఆగకూడదు.

మొదటి అంతరాయానికి ఆగొద్దు, అదే వేగంతో వాక్యం పూర్తి చేయాలి. రెండోదానికి ఆగి, అన్నవాడి వైపు కాకుండా అధ్యక్ష స్థానం వైపు తిరిగి, ‘సర్పంచ్ గారూ, నా ప్రశ్న ఇంకా పూర్తి కాలేదు’ అనాలి. మూడోసారీ ఆగకపోతే గుంపులో ముందే అనుకున్న ఇంకో అమ్మాయి లేచి ‘ఆమెని పూర్తి చేయనివ్వండి’ అనాలి. అందుకే సభకి ఒంటరిగా పంపొద్దు. నలుగురు కలిసి: అడిగేవారు ఒకరు, జవాబు రాసుకునేవారు ఒకరు, కాగితాలు అందించేవారు ఒకరు, ఇలా లేచేవారు ఒకరు. వెనక గోడ దగ్గర ఆడవాళ్ల గుంపులో కాదు, మైకు అందే చోట వరస చివర కూర్చోవాలి.

రోడ్డు మాటేమిటని దారి మళ్లిస్తే ‘దాని మీద తర్వాత అడుగుతాను, ఇప్పుడు బోరు’. అంతకంటే ఒక్క మాట ఎక్కువ వద్దు.

బూతు మాట, ఒంటి మీద మాట వస్తే సాధన పద్ధతులేవీ వర్తించవు. ఆపి, ఎవరన్నారో పేరుతో తీర్మానాల పుస్తకంలో రాయించమని అడగాలి. దాన్ని సాధనలో చిట్టీగా పెట్టొద్దు, వినీ వినీ అలవాటు చేయించాల్సిన సంగతి కాదది.

పాలపిట్ట
ఒక సవాల్. సర్పంచ్ మహిళ. కుర్చీల ఆమె ఉంటది, జవాబు ఆమె భర్త చెప్తడు. గప్పుడు?

రచ్చబండ
‘మీరు చెప్పింది విన్నాను బాబాయ్. సర్పంచ్ గారు చెబితేనే పుస్తకంలోకి ఎక్కుతుంది.’ ఇలా అని ఆమె వైపు తిరిగి ఆగాలి. ఆ మౌనం భరించడమే కష్టం, మనసులో ఐదు లెక్కపెట్టమనండి.

అయితే ఆమెని నలుగురిలో ఇరుకున పెట్టడం మన పని కాదు. ఒక రోజు ముందే ప్రశ్న కాగితం మీద రాసి ఆమె చేతికే ఇవ్వాలి. జవాబు సిద్ధం చేసుకుంటుంది. రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలవే, ఇక సభలో జవాబు కూడా వాళ్ల నోటి నుంచే రావడం మిగిలింది.

నాలుగోవార్డు
ప్రశ్నలో అంకెలుండాలన్నారు. అవి ఎక్కడ దొరుకుతాయి?

తీర్మానం
మూడు చోట్ల. ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో పంచాయతీ పేరు కొడితే ప్రణాళికలో పెట్టిన పనులు, చెల్లింపులు కనిపిస్తాయి, ఫోన్‌లోనే చూడొచ్చు. రెండోది, పంచాయతీ ఆఫీసుకెళ్లి అడగడం. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు: గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకి 30 రోజులు. కాబట్టి మొదటి వారమే దరఖాస్తు పెడితే ఆరో వారానికి చేతికొస్తుంది. మూడోది కాళ్లు: నలభై ఇళ్లు అనాలంటే నలభై ఇళ్లూ లెక్కపెట్టాలి. ఒక్కటి తప్పైనా ‘మా ఇంటికి నీళ్లొస్తున్నాయిగా’ అని ఒకరు లేస్తారు, అక్కడితో సరి.

నిధుల లెక్క కొంత తెలిసి ఉండాలి. 2021–26కి పంచాయతీలకు వచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టేశారు, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోమన్నారు, జీతాలకు తప్ప. ఇలాంటి లెక్క తెలిసిన అమ్మాయికి ‘నీళ్లకి డబ్బుల్లేవమ్మా’ అని చెప్పడం కష్టం.

చెప్పేటప్పుడు 4,86,320 అని చదవొద్దు. ‘నాలుగు లక్షల ఎనభై ఆరు వేలు’ చాలు, పూర్తి అంకె కార్డు మీద ఉంటుంది, ఎవరైనా నిలదీస్తే చదవొచ్చు. ఒక ప్రశ్నలో మూడు అంకెలు దాటితే వినేవాళ్లకు ఏదీ గుర్తుండదు.

గోదావరిగట్టు
కాగితం దగ్గర నా పంతం వదిలేశాను. దుర్గాబాయి దేశ్‌ముఖ్ ప్రస్తావన ఎవరూ తేలేదు గనక నేను తెస్తాను, ఫొటోకి దండ వేయడానికి కాదు. 1921లో కాకినాడలో గాంధీ హిందీలో మాట్లాడుతుంటే తెలుగులో చెప్పింది ఆమే, అప్పటికి పన్నెండేళ్లు నిండలేదు. అనువదించడంలో ఓ సుఖముంది: విషయం వెతుక్కోనక్కర్లేదు, మాట మీదే ధ్యాస పెట్టొచ్చు. మొదటిసారి మాట్లాడేవాళ్లకు అంతకన్నా మంచి మెట్టు లేదు.

ఇలా చేయించండి. ఏదైనా ప్రభుత్వ ఉత్తర్వు లేదా పథకం మార్గదర్శకాల నుంచి ఒక పేరా తీసుకోండి. ‘అర్హులైన లబ్ధిదారులు నిర్దేశిత గడువులోగా సంబంధిత అధికారికి దరఖాస్తు సమర్పించవలెను’ లాంటిది. ఒకరు వాక్యం వాక్యంగా చదవాలి, రెండోవారు వెంటనే ఇంట్లో మాట్లాడే తెలుగులోకి మార్చాలి: ‘ఎవరికి వస్తుందో వాళ్లు పదిహేనో తారీకులోపు సచివాలయంలో కాగితం ఇవ్వాలి.’ గడువు, అధికారి, పత్రాలు, ఈ మూడింట్లో ఏదైనా జారిపోతే మళ్లీ. రెండు నిమిషాలు చాలు, మూడో నిమిషానికి బుర్ర వేడెక్కుతుంది. రేపు వార్డు మెంబరైతే రోజూ చేసే పని ఇదే.

పాలపిట్ట
పాట సంగతి కూడ చెప్పాలె. తెలంగాణ సాయుధ పోరాటంల మల్లు స్వరాజ్యం ఉయ్యాల పాటలు పాడి జనాన్ని కూడగట్టేది, అటెన్క మాట. పాట వచ్చిన పిల్లలుంటే వాడుకోవచ్చు.

రచ్చబండ
వాడుకోవచ్చక్కా, ఒక షరతు మీద. మన సభల్లో ప్రార్థన గీతం అమ్మాయిలకి, ప్రసంగం అబ్బాయిలకి అని పంచేయడం రివాజు. పాడినమ్మాయే మైకు చేతిలోంచి వదలకుండా మాట కూడా చెప్పాలి. పాడి దిగిపోయేటట్టైతే వద్దు.

పాలపిట్ట
గది నిజమే.

సభాపర్వం
అందరూ మాట్లాడేవాళ్ల గురించే చెబుతున్నారు. నడిపేవాళ్ల గురించి? సర్పంచ్ అయితే సభకి అధ్యక్షత వహించాలి. మీ ఆదివారం సాధనలో అదీ వంతులవారీగా పెట్టండి. ఒకరు అధ్యక్షురాలు, ఒకరు కార్యదర్శిగా మినిట్స్ రాస్తారు, మిగతావాళ్లు ఊరు. అజెండా మూడు అంశాలు, 25 నిమిషాలు, గడియారం ఎదురుగా.

అధ్యక్షురాలికి నాలుగు వాక్యాలు నోటికి రావాలి: ‘ఒక్కొక్కరూ మాట్లాడండి, ముందు వీరు, తర్వాత మీరు.’ ‘అది మూడో అంశం, దానికి వస్తాం.’ ‘మీరు చెప్పింది ఇదీ, అవునా?’ ‘తీర్మానం చదువుతున్నాను, అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి.’ మూడోది అన్నింటికన్నా పదునైనది. ఎదుటివారి గోలని ఒక్క వాక్యంలో తిరిగి చెబితే సగం మంది చల్లబడతారు. చెప్పలేకపోతే ఆమె వినలేదన్నమాట.

వ్యాఖ్యల విషయంలోనూ కట్టడి ఉండాలి. ‘బాగుంది’, ‘ఇంకా బాగా చెప్పొచ్చు’ నిషేధం. విన్నవాళ్లు రెండే చెప్పాలి: ఆమె ఏం అడిగింది, ఎక్కడ వినబడలేదు. ‘అంటే’, ‘ఏంటంటే’, ‘అన్నమాట’ లాంటి ఊతపదాలకు ఒకరు గీతలు పెట్టుకుని చివర్న కాగితం ఇచ్చేయాలి, మధ్యలో ఆపకూడదు. రంగు, బట్టలు, లావు సన్నం మీద ఒక్క మాట కూడా రాకూడదు, మెచ్చుకోలుగా అయినా సరే.

మైకుసెట్టు
ఫోన్‌లో రికార్డు చేసి చూపించండి, కానీ ఒక పద్ధతి ప్రకారం. ముందు బొమ్మ చూడకుండా మాట మాత్రం, తర్వాత మాట ఆపేసి బొమ్మ మాత్రం. రెండూ కలిపి చూస్తే ప్రతి అమ్మాయీ తన ముఖం చూసుకుని కుంగిపోతుంది, మాట వినదు.

ఆ వీడియోలు మాట్లాడిన అమ్మాయి ఫోన్‌లోనే తీయాలి. గ్రూపులో పెట్టొద్దు, స్టేటస్‌లోకి అసలే వద్దు. తడబడిన ముక్క కత్తిరించి ఊరంతా తిప్పడానికి ఒక్కడు చాలు.

నాలుగోవార్డు
అందరికీ ధన్యవాదాలు. ఇలా అనుకుంటున్నాను. 1, 2 వారాలు: ముప్పై సెకన్ల ప్రశ్న, ఆఖరి మాట ఆట, మైకు. 3, 4: చిట్టీలు, అనువాదం. 5, 6: మాక్ గ్రామసభ. 7: నిజం గ్రామసభ. 8: ఇంటింటి ప్రచారం, ఎన్నికల ప్రసంగం. సరేనా?

తీర్మానం
రెండు మార్పులు. చిట్టీలు మూడో వారం దాకా ఆపొద్దు, రెండో వారం నుంచే చిన్నగా మొదలుపెట్టండి. ఇంకోటి, నిజం గ్రామసభ తేదీ మీ చేతిలో లేదు. ఎప్పుడొస్తే అప్పుడే వెళ్లండి, మూడో వారమైనా సరే. ఇద్దరు మాట్లాడినా చాలు, మిగతావాళ్లు జవాబులు రాసుకుంటారు.

ప్రచారం గురించి క్లుప్తంగా: సర్పంచ్, వార్డు ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. ఉంగరమో కత్తెరో ఏది కేటాయిస్తే అది. గుమ్మం దగ్గర నలభై సెకన్లలో పేరు, వార్డు, చేసే పని ఒక్కటి, చివర్న గుర్తు. గుర్తు మొదట చెబితే మర్చిపోతారు. తెలంగాణలో సర్పంచ్ బ్యాలెట్ గులాబీ, వార్డు సభ్యులది తెలుపు, ఏ కాగితం మీద గుద్దాలో కూడా చెప్పించండి.

పాలపిట్ట
ఇంటింటికి పోయినప్పుడు ముందు ఇంటామెతోని మాట్లాడాలె. ‘మా ఆయనను అడుగుర్రి’ అంటే వెనక్కి రావొద్దు. ‘ఓటు నీది గద అత్తా, నీకు ఏం పని కావాల్నో చెప్పు’ అని అడిగి, చెప్పింది అక్కడ్నే ఆమె ముందర రాసుకోవాలె. గా కాగితమే రేపు గ్రామసభల కార్డు అయితది.

నాలుగోవార్డు
సరే. సమాచార హక్కు దరఖాస్తు సోమవారమే పెట్టిస్తాను. చిట్టీల డబ్బాకి ఇంకా మాటలుంటే ఇక్కడే రాయండి, ముప్పై కావాలి.

రచ్చబండ
‘చదువుకున్నావుగా, నువ్వే బాగుచెయ్యి.’ ‘పెళ్లయి వెళ్లిపోయేదానివి, నీకెందుకు?’ ‘మీ వార్డు ఓట్లు మాకు పడలేదుగా.’ ‘వీడియో తీస్తున్నా, చెప్పు చెప్పు.’ ‘టైమైపోయింది, భోజనాలకి లేవండి.’ ఈ చివరిది రెండు చిట్టీల మీద రాయండి, ఎక్కువగా వచ్చేది అదే.